రెండో బకెట్టు

డేవిడ్‌రాజు ఇంటి గేటు దాటేసరికి సరిగ్గా తొమ్మిదీ ముప్పయ్యారు. ఏసమ్మ ఆ అంకెను చిన్న పుస్తకంలో వేసుకుని పెన్ను మళ్ళీ కొప్పులో దోపింది. కొత్తవలస జంక్షన్లో స్టేషన్ మాస్టరుగా ముప్పయ్యేళ్ళు, వచ్చిన బండినీ పోయిన బండినీ నిమిషంతో సహా రిజిస్టర్లో ఎక్కించిన చెయ్యి అది. రిటైరై రెండేళ్ళయినా ఆ చెయ్యి ఊరుకోలేదు. అందుకే ఆవిడ డిటెక్టివ్ అయింది.

వెనక ఖాళీ గంపతో అమ్మడు వస్తోంది. కళింగపట్నం మనిషి. పొద్దున్నే పడవల దగ్గర చేప కొని, శ్రీకాకుళం తెచ్చి, తెలిసిన ఇళ్ళకు పోసి, మిగిలింది బజార్లో అమ్ముకుంటుంది.

"పన్నెండింటి దాకానే టైమిచ్చినాడమ్మా ఎస్సైగారు. ఆ తరవాత కేసు రాసేస్తాడట. నాను యిసం పెట్టినానట. ఇరవయ్యేళ్ళ నుంచి ఈ ఇంటికి సేపలు పోస్తన్నాను, నాకు అలాటి బుద్ధి ఎందుకు పుడతాదమ్మా?"

"నీకు పుట్టనేదని నాకు తెలుసు. ఎస్సైకి తెలియాలంటే కాయితం మీదకి రావాల. గంప కింద పెట్టి అరుగు మీద కూకో."

జరిగింది ఇదీ. శుక్రవారం పొద్దున అమ్మడు ఈ ఇంట్లో కానాగంత చేపలు ఇచ్చింది. సాయంత్రం నాలుగింటికి ఇంటాయన డేవిడ్‌రాజు చలీ జ్వరంతో వణుకుతూ, ఛాతీ పట్టేసి, ఊపిరాడక ఆసుపత్రిలో పడ్డాడు. అయిదింటికి భార్య రూబీకీ అవే లక్షణాలు, కాస్త తక్కువగా. ఇద్దరూ ఆదివారం రాత్రికి కోలుకుని ఇంటికొచ్చారు. కానీ ఈలోగా చేపల పులుసే విషమైందన్న మాట ఊరంతా పాకింది. శనివారం నుంచి బజార్లో కళింగపట్నం చేప ముట్టుకునేవాళ్ళు లేరు. నలభైమంది ఆడవాళ్ళు నిండు గంపలతో వెనక్కి పోతున్నారు. ఆ నలభైమందీ కలిసి ఏసమ్మ గుమ్మం ఎక్కారు.

హాల్లోకి అడుగు పెట్టగానే ఏసమ్మ వచ్చిన పని మర్చిపోయి నిలబడిపోయింది.

గోడ పొడవునా అయిదడుగుల గాజుపెట్టె. లోపల నీలం వెలుగు. ఊదా, ఆకుపచ్చ, గులాబీ రంగుల పగడాలు గాలికి ఊగే చేలల్లా మెల్లగా కదులుతున్నాయి. నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న రెండు చేపలు ఒక మెత్తటి పొదలోకి దూరుతూ, మళ్ళీ తలలు బయట పెడుతూ ఆడుకుంటున్నాయి. ఎర్ర చారల రొయ్య ఒకటి రాయి మీద కూర్చుని మీసాలు తిప్పుతోంది.

"అమ్మ నాయనో," అంది ఏసమ్మ. "సముద్రాన్ని తెచ్చి హాల్లో పెట్టీసినారేటి!"

"అక్వేరియం చూడ్డానికి వచ్చారా మేడం, కేసు చూడ్డానికా?"

సోఫాలోంచి వచ్చింది ఆ గొంతు. మురళీమోహన్. విజయనగరంలో డిటెక్టివ్ ఆఫీసు, నల్లకారు, ఇంట్లో కూడా తియ్యని నల్లకళ్ళద్దాలు. రూబీ అన్నయ్య ఇతన్ని పెట్టాడు. శనివారం నుంచీ ఇక్కడే తిరుగుతున్నాడు.

"రెండూను," అంది ఏసమ్మ కుర్చీ లాక్కుంటూ. "నువ్వు ఏటి తేల్చినావు?"

"నా రిపోర్టు రెడీ. గురువారం తూకం దగ్గర రూబీగారికీ ఆ మనిషికీ గొడవైంది. 'సూస్తాను' అని వెళ్ళింది. శుక్రవారం చేపలు ఇచ్చింది. ఒంటిగంటకు తిన్నారు, నాలుగింటికి పడిపోయారు. మోటివ్, ఛాన్స్, టైమింగ్. మూడూ ఉన్నాయి."

"ఆ గొడవ రోజూ అవుతాదండీ," అంది అరుగు మీంచి అమ్మడు. "బేరమాడకుండా రూబమ్మ ఎప్పుడు కొన్నాది?"

గుమ్మం దగ్గర నిలబడ్డ రూబీకి నవ్వొచ్చింది. ఆపుకోబోయి దగ్గింది.

శాలువా కప్పుకుని పడక్కుర్చీలో ఉన్నాడు డేవిడ్‌రాజు. నలభై దాటినవాడు, జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. మొహం పీక్కుపోయి ఉంది. ఆయన పక్కన తండ్రి థామస్, డెబ్బై ఏడేళ్ళాయన, పళ్ళెంలో ఇడ్లీలు తింటూ కులాసాగా ఉన్నాడు.

ఏసమ్మ ముందుగా ఆ కులాసా మొహం వైపే తిరిగింది. "అన్నయ్యా, శుక్రవారం నువ్వు ఏటి తిన్నావు?"

"పులుసే చెల్లెమ్మా. నాలుగు ముక్కలు. మావాడు ఒకటి తిని లేచిపోతే, వాడి రెండో ముక్క కూడా నేనే తిన్నాను. రాత్రికి మిగిలింది కూడా. ఇంట్లో ఎవరూ లేరు కదా, ఆసుపత్రికి పోయారు. పారబొయ్యడం ఎందుకని."

"నీకు ఏమీ కాలేదు?"

"ఆకలేసింది."

ఏసమ్మ రాసుకుంది. "రూబీ తల్లీ, నువ్వు ఎన్ని ముక్కలు తిన్నావు?"

రూబీ తెల్లబోయింది. "నేనా? నేను తినలేదండీ. శుక్రవారం ఉపవాస ప్రార్థన కదా. సాయంత్రం ఆరు దాకా మంచినీళ్ళే."

మురళీమోహన్ ఒళ్ళో ఉన్న ఫైలు తెరిచాడు.

"ఆసుపత్రి కాగితంలో తిన్నట్టు ఉంది," అన్నాడు మురళీమోహన్, గొంతు కొంచెం తగ్గించి.

"ఆ కాగితం ఈయన నింపారు. నన్ను ఎవరూ అడగలేదు. మీరు కూడా అడగలేదు."

"చూసినావా బాబూ," అంది ఏసమ్మ. "అందరికంటే ఎక్కువ తిన్న మావగారు ఇడ్లీలు తింటన్నారు. ఒక్క ముక్క ముట్టని కోడలు ఆసుపత్రిలో పడింది. నీ పులుసు బండి పట్టాలు తప్పింది."

మురళీమోహన్ వెంటనే ఇంకో పట్టా ఎక్కాడు. "అయితే గాలిలో వచ్చింది. పురుగుల మందు. చేపల గంప వంకన లోపలికొచ్చి ఎవరో స్ప్రే చేశారు."

"అప్పుడు ఆ రొయ్య బతకదు సార్," అన్నాడు డేవిడ్‌రాజు ఒక్కసారిగా నిటారుగా కూర్చుని. మూడు రోజుల్లో మొదటిసారి అతని మొహంలో రక్తం కనిపించింది. "దోమల స్ప్రే కొట్టినా, సబ్బు చేత్తో నీళ్ళు తాకినా ముందు పోయేది రొయ్యా నత్తలే. రాగి చుక్క పడినా అంతే. అందుకే ఈ హాల్లో నేను అగరుబత్తి కూడా వెలిగించనివ్వను. నా పెట్టెలో ఒక్క ప్రాణి పోలేదు. కావాలంటే లెక్క పెట్టుకోండి."

ఏసమ్మకి ఆ వెలుగు నచ్చింది. సాక్షి నోరు విప్పాలంటే అతనికి ఇష్టమైనది అడగాలని ఆవిడ ఎప్పుడో నేర్చుకుంది. అయినా ఇప్పుడు నిజంగానే తెలుసుకోవాలనిపించింది.

"ఎన్నాళ్ళయింది బాబూ ఇది పెట్టి?"

"నాలుగేళ్ళండీ. నీళ్ళు పోసిన ఏడు వారాలకు గాని మొదటి చేపను వెయ్యలేదు."

"ఏడు వారాలు ఉట్టి నీళ్ళకు కాపలా కాసినావా?"

"ఉట్టి నీళ్ళు కాదండీ. కంటికి కనపడని బాక్టీరియా రాళ్ళ మీద పెరగాలి. చేప వదిలే మురికిని తినేది అదే. అది పెరక్కుండా చేపను వేసినవాడికి వారంలో చేపా పోతుంది, సరదా కూడా పోతుంది. తరవాత కూడా నెలకొకటి చొప్పునే వేశాను. కొత్త చేపను ముందు వేరే తొట్టిలో నెల్రోజులు ఉంచి, రోగం లేదని చూసి మరీ."

"ఆరు మైళ్ళ మీద సముద్రం ఉండగా నీళ్ళు ఎక్కణ్ణించి తెస్తావు?"

"ఒడ్డు నీళ్ళు వద్దండీ, ఏటి బురదా, పడవల డీజిలూ ఉంటాయి. కుళాయి నీళ్ళు అసలు వద్దు. ఆర్.ఓ. నీళ్ళలో దీనికోసం అమ్మే ఉప్పు కలుపుతాను. ఆ ఉప్పు కొలత నిలకడగా ఉండాలి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. రోజూ నీళ్ళు ఆవిరై తగ్గుతాయి కదా, మళ్ళీ ఉప్పునీళ్ళే పోస్తారు. నీళ్ళు ఆవిరవుతాయి గాని ఉప్పు ఆవిరవదు. వారంలో లోపల ఊరగాయ తయారవుతుంది. తగ్గినంత మేరకు మంచినీళ్ళే పొయ్యాలి. ఇదిగో, రోజూ రాస్తాను."

నోటుపుస్తకం చేతికి రాగానే ఏసమ్మ కళ్ళు మెరిశాయి. తేదీ, టైము, ఉప్పు, వేడి, పోసిన నీళ్ళు. నాలుగేళ్ళుగా ఒక్క కొట్టివేత లేదు. "ఇలాటోడు నా కింద పని చేసుంటే నాను ఇంకో పదేళ్ళు సర్వీసు చేద్దును," అనుకుంది. పేజీలు తిప్పింది. శుక్రవారం దగ్గర ఆగింది.

శుక్రవారం గడి ఖాళీ.

"ఇదేటి బాబూ? సాయంత్రం కదా జబ్బు చేసింది. పొద్దుట ఎందుకు రాయనేదు?"

డేవిడ్‌రాజు కళ్ళు గాజుపెట్టె వైపు పోయాయి. "మర్చిపోయానండీ."

"నాలుగేళ్ళలో మొదటిసారి."

"ఆ రోజు కరెంటు పోయిందండీ. ఆ హడావుడిలో..."

"ఎన్నింటికి పోయింది?"

దానికి జవాబు అతని ఫోనులో ఉంది. నీళ్ళలో వేలాడుతున్న చిన్న బ్యాటరీ యంత్రం వేడిని నిమిషం నిమిషం ఫోనుకు పంపుతుంది. శుక్రవారం పదీ యాభైకి కరెంటు పోయింది. పదకొండూ యాభైకి వచ్చింది. ఆ గంటలో నీళ్ళు ఇరవయ్యారు డిగ్రీల నుంచి ఇరవయ్యేడుకి ఎక్కాయి. నీటిని తిప్పే చిన్న పంపు మాత్రం బ్యాటరీ మీద నడిచింది.

"అది లేకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ ఊపిరాడక చచ్చేవి," అన్నాడు డేవిడ్‌రాజు. "ఈ పెట్టె కొనేవాడు ముందు ఆ బ్యాటరీ పంపు కొనాలండీ, తరవాతే చేపలు."

"ఈ కిటికీలు ఎప్పుడూ ఇలాగే మూసి ఉంటాయా?"

"ఎండాకాలం కదండీ. నీళ్ళు వేడెక్కకుండా ఏసీ వేస్తాను. అన్నీ బిగించే ఉంటాయి."

ఏసమ్మ పుస్తకంలో గీత గీసి ఒక్కొక్కరినీ ఆ గంటలో నిలబెట్టింది. థామస్ కరెంటు పోగానే ఉక్కకు తట్టుకోలేక ఎదురింటి అరుగు మీదకు పోయి, ఒంటిగంటకు భోజనానికి వచ్చాడు. రూబీ తొమ్మిదీ నలభై అయిదుకు పులుసు దించి చర్చికి వెళ్ళింది. పాటల పుస్తకం మర్చిపోయి పదకొండూ పదికి ఇంటికొచ్చింది. పదిహేను నిమిషాలు చీకట్లో గదంతా వెతికి తీసుకుని వెళ్ళిపోయింది. డేవిడ్‌రాజు మొత్తం సమయం ఇంట్లోనే ఉన్నాడు.

"ఇంట్లో ఆ గంటంతా ఉన్నోడికి జబ్బు ఎక్కువ. పావుగంట ఉన్న మనిషికి తక్కువ. బయటున్న మనిషికి సున్నా," అంది ఏసమ్మ. "రూబీ, ఆ పావుగంటలో నీకు ఏదైనా తేడాగా అనిపించిందా? వాసనో, మరేటో?"

రూబీ ఆలోచించింది. "ఇల్లంతా ఆవిరిగా ఉందండీ, తలస్నానాల గదిలా. నత్తగుల్లల వాసన. నోరు కూడా చేదుగా అయింది. ఏమిటండీ అంటే, చేపల కోసం నీళ్ళు కాస్తున్నానన్నారు ఈయన."

"చేపలకు నీళ్ళు కాస్తారా బాబూ?"

డేవిడ్‌రాజు శాలువా ముక్కు దాకా లాక్కున్నాడు.

అందరూ వంటింట్లోకి వెళ్ళేసరికి టైము పదీ ఇరవై. ఏసమ్మ పొయ్యి చూసింది, గోడలో పొగను బయటికి తోసే పంకా చూసింది. అది కరెంటుతో నడిచేదే, కరెంటు పోతే ఆవిరి ఇంట్లోనే ఉండిపోతుంది. పైన అటక మీద పెద్ద దేక్సా బోర్లించి ఉంది. మురళీమోహన్ పొడుగు మనిషి కాబట్టి అతనితోనే దింపించింది.

"ఇది నా క్రిస్మస్ బిర్యానీ దేక్సా," అంది రూబీ. "పండక్కి తప్ప దించం. తోమి పెట్టాను."

ఏసమ్మ దాన్ని వెలుతురులోకి తిప్పింది. లోపల సగం ఎత్తులో తెల్లటి సున్నపు గీత చుట్టూ గుండ్రంగా ఉంది. అడుగున ఇసుక. రూబీ వేలితో గీకి, వేలు చూసుకుని, తల ఎత్తి భర్తను చూసింది.

"చెప్పండి."

ఆ ఒక్క మాటకు డేవిడ్‌రాజు శాలువా మొహం మీంచి దించాడు. "రాళ్ళు ఉడకబెట్టాను."

"నా బిర్యానీ దేక్సాలో రాళ్ళా!"

వైజాగులో ఒకతను అక్వేరియం మానేస్తూ తన సముద్రపు రాళ్ళు ఊరికే ఇచ్చేశాడు. వాటినిండా నాచు, గోధుమరంగు బొత్తాల్లాంటి ఏవో జీవులు. వాటిని చంపి శుభ్రం చేస్తే రెండో పెట్టెకు పనికొస్తాయని, మరిగిస్తే చాలని ఎవరి వీడియోలోనో చూశాడు. రెండో పెట్టె వద్దని రూబీ ఒట్టు పెట్టించుకుంది. అందుకని ఆమె చర్చికి వెళ్ళాక, పదీ ఇరవైకి పొయ్యెక్కించి, పదకొండున్నరకు దించి, కిటికీలు తీసి, దేక్సా తోమి అటకెక్కించాడు.

"రాళ్ళు ఉడకబెడితే జ్వరం వస్తుందని నాకేం తెలుసండీ? చేపలదే తప్పనుకున్నాను. దేవుడి మీద ఒట్టు, ఆవిడ మీద పడుతుందని..." అతని చూపు అరుగు మీదకు పోయింది.

"రాళ్ళ ఆవిరికి మనుషులు పడిపోతారా?" అన్నాడు మురళీమోహన్. "మేడం, ఇది కోర్టులో నిలబడదు. నవ్వుతారు."

"నవ్వనీ. తెలిసినోడ్ని అడుగుదాం."

ఉడకబెట్టక ముందు డేవిడ్‌రాజు తీసిన ఫోటోను ఏసమ్మ జగన్నాధంగారికి పంపింది. సముద్రపు జీవుల గురించి పాతికేళ్ళు పాఠం చెప్పిన ప్రొఫెసరాయన. కొత్తవలస ప్లాట్‌ఫారం మీద బకెట్లతో దిగుతుంటే, ఏమిటవి అని అడిగి స్నేహం కలుపుకుంది. పదీ యాభై రెండుకు ఆయనే ఫోన్ చేశాడు. స్పీకరు పెట్టింది.

"ఏసమ్మా, ఎవరూ ఆ రాళ్ళు ముట్టుకోలేదు కదా? ఆ బొత్తాల్లో కొన్ని రకాలకు భయంకరమైన విషం ఉంటుంది. ఊరికే పెట్టెలో ఉన్నంతసేపూ పువ్వుల్లా ఉంటాయి, ఎవర్నీ ఏమీ అనవు. చేతి మీద గాయముంటే ముట్టుకోకూడదు. బ్రష్షుతో గీకకూడదు. అన్నిటికంటే పాపం, మరిగించడం. విషం ఆవిరితో లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నోరు చేదు, చలి, ఛాతీ పట్టెయ్యడం, అయిదారు గంటలకు మొదలు. అవేనా?"

"అవే సార్," అన్నాడు డేవిడ్‌రాజు సన్నగా.

"బతికావు, సంతోషించు. ఆసుపత్రిలో ఈ మాట చెప్పు, మళ్ళీ ఒకసారి పరీక్ష చేస్తారు. ఇంకెప్పుడూ సముద్రపు రాయిని పొయ్యెక్కించకు. అక్వేరియానికి రాళ్ళు కావాలంటే ఏ జీవీ లేని ఎండు రాయి కొనుక్కో. బాక్టీరియా దానంతటదే పడుతుంది. నీకు ఓపిక ఉందిగా."

ఏసమ్మ ఫోను పెట్టేసి అరుగు మీదకు వెళ్ళింది. "అమ్మడూ, లే. నీ సేప మంచిది. రాయిది తప్పు."

అమ్మడు లేవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా ఏడ్చింది. రూబీ వెళ్ళి ఆమె పక్కనే మెట్టు మీద కూర్చుంది. "నన్ను క్షమించు అమ్మడూ. ఆసుపత్రిలో అందరూ అంటుంటే నేనూ తలూపాను."

"పోనీలెమ్మా. జొరంలో ఉన్నోళ్ళు ఏటనీసినా లెక్కనేదు."

కేసు అక్కడితో అయిపోయినట్టే. కానీ ఏసమ్మ పెరడు చూడందే సంతకం పెట్టే మనిషి కాదు. పదకొండూ పన్నెండు. చాకిరేవు బండ పక్కన ఒక బకెట్టు ఉంది. అందులో ఉడికి తెల్లబడ్డ రాళ్ళు. బకెట్టుకు పక్కనే, గచ్చు మీద తెల్లటి ఉప్పు చార, గుండ్రంగా. అంతే సైజు. పైన మాత్రం బకెట్టు లేదు.

"డేవిడ్ బాబూ. ఎన్ని బకెట్ల రాళ్ళు తెచ్చినావు?"

"రెండండీ. ఒకటే ఉడకబెట్టాను. రెండోది..." అతను బయటికొచ్చి ఖాళీ గచ్చును చూశాడు. "ఇక్కడే ఉండాలే! దాని మీద చీటీ కూడా అంటించాను."

"చీటీలో ఏం రాసినావు?"

డేవిడ్‌రాజు ఖాళీ గచ్చు మీంచి చూపు తియ్యకుండా చెప్పాడు. "'వాడే ముందు గంటసేపు మరిగించాలి.'"

థామస్ పెరటి గుమ్మంలో నిలబడి అన్నాడు. "దానికి అంత వెతకడం ఎందుకురా? ఆ నల్లకళ్ళద్దాల బాబు పట్టుకెళ్ళాడు కదా శనివారం. పారేసే రాళ్ళేగా అని నేనే ఇచ్చాను."

అందరూ మురళీమోహన్ వైపు తిరిగారు. అతను కళ్ళద్దాలు తీశాడు. వాటి వెనక కళ్ళు చిన్నపిల్లాడివిలా ఉన్నాయి.

"మా పాపకు ఈ రోజు పుట్టినరోజు. ఇక్కడి అక్వేరియం ఫోటో చూపిస్తే అలాంటిదే కావాలంది. బాగున్నాయి కదా అని డ్రైవరుతో ఇంటికి పంపాను. ఆ రాళ్ళూ ఇవీ ఒకటేనని ఇప్పటిదాకా నాకు తట్టలేదు. మా ఆవిడ దేవికి చీటీ చదివి వినిపించాను. ఇవాళ పదకొండున్నరకు, చుట్టాలు వచ్చేలోపల పొయ్యి మీద పెడతానంది."

పదకొండూ పద్దెనిమిది.

"ఫోన్ చెయ్యి."

మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు. మూడోసారి కూడా మోగి మోగి ఆగిపోయింది. "కిటికీలన్నీ మూసి ఏసీ వేస్తుంది మేడం. పదిమంది పిల్లలు వస్తారు."

విజయనగరం ఇక్కణ్ణించి గంటన్నర. కారెక్కి లాభం లేదు. ఏసమ్మ అతని ఇంటి అడ్రసు అడిగి పుస్తకంలో రాసుకుని తన ఫోనులో ఒక నంబరు నొక్కింది. కూర్మయ్య, ఆవిడ స్టేషన్లో పట్టాలు మార్చిన పాత పాయింట్స్‌మన్. విజయనగరం కంటోన్మెంటులో కూతురింట్లో ఉంటాడు. ఆవిడ జెండా ఊపితే అర్ధరాత్రి వానలో కూడా పరిగెత్తిన మనిషి.

"కూర్మయ్యా, మోపెడ్ తియ్యి. అడ్రసు రాసుకో. ఇంట్లోకెళ్ళగానే ముందు పిల్లల్ని వీధిలోకి తోలు. పొయ్యి మీద దేక్సా ఉంటాది, మూత తియ్యకు, గేసు కట్టీసి కిటికీలు తీసి నువ్వూ బయటికొచ్చీ. ఫోను పెట్టీకు."

"సిత్తం మాస్టరమ్మా."

స్పీకర్లో మోపెడ్ చప్పుడు, హారన్లు, గాలి. అమ్మడు పెరట్లోకొచ్చి మురళీమోహన్ భుజం మీద చెయ్యేసి నిలబడింది. పొద్దుట్నుంచీ తను విషం పెట్టిందన్న మనిషి భుజం అది. బండిని వదలొచ్చని చెప్పే లైన్ క్లియర్ గంట కోసం చెవులు రిక్కించిన పాత రోజుల్లోలా ఏసమ్మ పుస్తకంలో నిమిషాలు వేసుకుంటోంది. ఇరవై ఆరు. ఇరవై తొమ్మిది. ముప్పై రెండు.

"వచ్చీసినాను. తలుపు తీసే ఉన్నాది. ఒరే పిల్లలూ, బయటికి, బయటికి! వంటింట్లో ఉన్నానమ్మా. పెద్ద దేక్సా ఉన్నాది. మూత సందులోంచి ఆవిరి వస్తన్నాది."

మురళీమోహన్ నేలమీద కూలబడ్డాడు.

"కట్టీ!"

టక్కుమని చప్పుడు. కిటికీ తలుపులు కొట్టుకున్నాయి. ఆ వెంటనే ఒక ఆడగొంతు ఇల్లెగిరిపోయేలా వినిపించింది.

"ఎవరయ్యా నువ్వు? నా బిర్యానీ ఎందుకు కట్టేశావు?"

"దేవీ!" మురళీమోహన్ ఫోను మీద పడ్డాడు. "రాళ్ళేవి? రాళ్ళు పొయ్యెక్కించావా?"

"రాళ్ళా? మీరు చెప్పినట్టే చేద్దామని పొద్దున బకెట్టు మూత తీశానండీ. ఆ గుండీలన్నీ పువ్వుల్లా విచ్చుకుని ఊగుతున్నాయి. ప్రాణాలతో ఉన్నాయండీ అవి! బతికున్నవాటిని ఎలా ఉడకబెడతాను? మేడమీద నీడలో పెట్టి వల కప్పాను. పిల్లల్ని ముట్టుకోనివ్వలేదు. మీరొచ్చాక తిట్టుకోండి, నేను మాత్రం ఉడకబెట్టను."

ముందు థామస్ చప్పట్లు కొట్టాడు. రూబీ "హల్లెలూయా" అని పెద్దగా అరిచేసింది. డేవిడ్‌రాజు నవ్వి, దగ్గి, మళ్ళీ నవ్వాడు. మురళీమోహన్ మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు.

"కూర్మయ్యా, ఆ బకెట్టు అక్కడే ఉండనీ, ప్రొఫెసరుగారు వచ్చి చూస్తారు. నువ్వు బిర్యానీ తినేసి గాని కదలకు," అంది ఏసమ్మ. ఫోను పెట్టాక చూసుకుంటే పుస్తకంలో పదకొండూ ముప్పయ్యారు దగ్గర అంకె వంకర పోయి ఉంది. అలాగే వదిలేసింది.

పదకొండూ నలభైకి మురళీమోహన్ తన రిపోర్టును నాలుగు ముక్కలు చేశాడు. అప్పుడు వీధి చివర ఆటో ఆగి, ఇద్దరు కళింగపట్నం ఆడవాళ్ళు నిండు గంపలు దింపారు. ఏమైందో కనుక్కుందామని వచ్చారు. అతను ఒక గంపను రెండు చేతులా ఎత్తి కారు వెనకసీటు మీద పెట్టాడు. ఉప్పునీళ్ళు సీటు మీద కారాయి. చూసి కూడా చూడనట్టున్నాడు. రెండో గంపకు కూడా వచ్చాడు.

"స్టేషనుకు వెళ్ళి ఎస్సైగారికి నేనే చెబుతాను. తరవాత బజారుకు. అక్కడ అందరి ముందూ నేనే చెబుతాను," అన్నాడు. ముందు తలుపు తీసి పట్టుకున్నాడు. "అమ్మడుగారూ, ఎక్కండి."

అమ్మడు పుట్టాక ఆమెను "గారూ" అన్న మొదటి మనిషి అతనే కావచ్చు. ఆమె సీటు మీద కుదురుగా కూర్చుని, చెంగు సర్దుకుని, ఎదర అద్దంలో జుట్టు దువ్వుకుంది. ఏసమ్మ వెనక గంపల మధ్య ఇరుక్కుంది. ఇంజను మొదలవగానే అమ్మడు స్టీరింగు మీదకు వేలు చూపించింది.

"హారను కొట్టు బాబూ. బజారు దాకా కొడతానే ఉండు. కళింగపట్నం సేప వస్తన్నాదని ఊరంతా బయటికొచ్చి సూడాల."

అతను కొట్టాడు.